స్కూబా డైవింగ్‌కి గీజర్ ఉందా?

స్కూబా డైవింగ్ ప్రధానంగా హోటల్ గదికి సంబంధించిన క్రీడ. ఈ సంగతి తెలియక చాలామంది దాన్ని సముద్రానికి అంటగడుతున్నారు. లెక్క చూడండి. ఆరు రోజుల అండమాన్ టూరంటే 144 గంటలు. అందులో మొదటిసారి దిగేవాళ్లు నీటి అడుగున ఉండేది మహా అయితే అరగంట. మిగిలిన 143న్నర గంటలూ మనిషి పొడిగానే ఉంటాడు. ఆ పొడి గంటలు ఎక్కడ గడపాలన్న దానిమీద మా ఇంట్లో ఇరవై రెండు రోజులు చర్చ జరిగింది. తడి అరగంట గురించి జరిగిన చర్చ మొత్తం ఇది:

"ఈత రావాలా బావా?"

"అక్కర్లేదంట."

మా అమ్మ మాత్రం ఫోన్లో ఒక్క ప్రశ్న వేసింది. "ఇక్కడ కుళాయి రెండ్రోజులకోసారి వస్తోంది, నువ్వు నీళ్లు చూడ్డానికి అంత డబ్బు పోసి వెళ్తావా?" దానికి కమిటీ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కమిటీ అంటే అక్క, బావ, మా ఆవిడ, నేను. అధ్యక్షుడు బావ. ఆయన అర్హతల మీద మొదట్లో నాకు అనుమానం ఉండేది. తర్వాత చదివితే తెలిసింది. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో అనే నౌకాదళ అధికారి, గాన్యాఁ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన, వీపున సిలిండర్ కట్టుకుని నీటి కింద ఊపిరి పీల్చుకునే స్కూబా పరికరానికి మూలం ఒక కారు వాల్వు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడపడానికి గాన్యాఁ చేసిన వాల్వునే నీటి కిందకు పనికొచ్చేలా మార్చారు. బావ ఏడేళ్లుగా గ్యాస్ కిట్ కారు నడుపుతున్నారు. ఇక నేను నోరెత్తలేదు.

మొదటి చిక్కు పేర్ల దగ్గర వచ్చింది. హేవ్‌లాక్ దీవి 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. అక్క పాత పేర్లకు రెండేసి రోజులు, కొత్త పేర్లకు రెండేసి రోజులు కేటాయించి ఎనిమిది రోజుల ప్లాన్ వేసింది. సగం కొట్టేయడానికి ఒక ఆదివారం పట్టింది. ఆ తర్వాత దీవి మ్యాప్ తెరిస్తే అందులో గోవిందనగర్, విజయనగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్ ఉన్నాయి. 1950లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులను అక్కడ స్థిరపరిచారు, ఆ ఊళ్ల పేర్లవి. మా ఆవిడ పాయింటు మాత్రం వేరు. "విమానమెక్కి, పడవెక్కి, చివరికి కృష్ణానగర్‌కేనా? హైదరాబాద్ మెట్రోలో యూసుఫ్‌గూడ దిగితే సరిపోదూ?"

తర్వాత గదుల పరిశీలన. ఈ శాస్త్రంలో సముద్రం మూడు రకాలు. సీ వ్యూ అంటే కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. పార్షియల్ సీ వ్యూ అంటే బాల్కనీలో కుర్చీ వేసుకుని, దాని మీద నిలబడి, కొబ్బరిచెట్టు ఊగినప్పుడు చూస్తే కనబడుతుంది. గార్డెన్ వ్యూ అంటే సముద్రం ఉన్నట్టు మనం నమ్మాలి. నికోబారీ కాటేజీ అని గుండ్రటి గుడిసె కూడా ఒకటుంది. ఫోటోలో ముచ్చటగానే ఉంది. అక్క ఒక్క ప్రశ్నతో దాన్ని పక్కన పడేసింది: "గుండ్రటి గదికి ఈశాన్యం ఎక్కడుంటుంది?"

ఇక గీజరు. అండమాన్ సముద్రం ఏడాది పొడుగునా ఇంచుమించు 27 నుంచి 30 డిగ్రీల మధ్య గోరువెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చటి నీళ్లలోంచి లేచి వచ్చాక ఒంటిని కడుక్కోవడానికి ఇంకా వెచ్చటి నీళ్లు ఉండి తీరాలని తీర్మానం జరిగింది. వైఫై మీద మాత్రం బావకి బెంగ లేదు. 2020లో చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. మనకన్నా ముందు ఇంటర్నెట్టే డైవింగ్‌కి వెళ్లొచ్చిందన్నమాట.

మా ఆఫీసులో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉన్న అమ్మాయి ఒకతె ఉంది. 18 మీటర్ల లోతు దాకా దిగొచ్చు దానితో. విశాఖ రుషికొండలో మొదలుపెట్టిందట. సలహా అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "ముందు డైవ్ సెంటర్ చూసుకోండి సార్. మొదటిసారి కాబట్టి మనిషికొక ఇన్‌స్ట్రక్టర్ ఉంటారో లేదో అడగండి. సెంటర్లు చాలామటుకు తూర్పు ఒడ్డునే ఉంటాయి, పొద్దున్నే రమ్మంటారు, కాబట్టి నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకోండి. గదిలో ఏం లేకపోయినా ఫరవాలేదు, బయట దండెం ఉంటే చాలు, తడిబట్టలు ఆరేసుకోవడానికి."

నేనిది కమిటీ ముందుంచాను. "దండెం కోసం విమానమెక్కి వెళ్లాలా? మన డాబా మీద లేదా?" అన్నారు బావ. ప్రతిపాదన వీగిపోయింది. తూర్పు ఒడ్డున, ఐదో నంబరు బీచ్ మీద, అసలు సిసలు బీచ్ ఫ్రంట్ గది ఖరారైంది. ఏసీ, గీజరు, టిఫిన్ కలిపి, సీ వ్యూ. డబ్బు వాపసు ఇవ్వబడదు.

డైవ్ ఎప్పుడన్నది ఆఖర్న, మిగిలిన ఖాళీలో ఇరికించారు. ముందే దిగితే జలుబు చేసి టూరంతా పాడవుతుందని, చివరి రోజు తెల్లవారుజామున డైవ్, అటునుంచటే పడవ, పడవ దిగి విమానం. డైవ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే వాళ్లు పేరు కూడా అడగలేదు. ఫ్లైట్ ఎప్పుడని అడిగారు. చెప్పాక అవతల కాసేపు నిశ్శబ్దం.

విషయమేమిటంటే, సిలిండర్‌లో ఉండేది బావ అనుకుంటున్నట్టు ఆక్సిజన్ కాదు. మనం పీల్చే మామూలు గాలినే ఒత్తి నింపుతారు. అందులో ముప్పాతిక మించి నైట్రోజనే. పది మీటర్ల లోతుకి వెళ్తే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో, కండల్లో కరిగి కూర్చుంటుంది. పైకొచ్చాక నెమ్మదిగా బయటికి పోవాలి. ఈలోగా విమానమెక్కితే అక్కడ గాలి ఒత్తిడి తక్కువ. గోలీ సోడా గోలీ నొక్కితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ సీసా మనమే. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు మునిగితే 18 గంటలు ఆగి విమానమెక్కాలంటారు. రోజంతా ఆగమనేవాళ్లూ ఉన్నారు. ఇరవై రెండు రోజుల చర్చలో ఏ గదికి ఏ రకం దిండ్లు ఇస్తారో కూడా కనుక్కున్నాం కానీ ఇది మాత్రం మా దృష్టికి రాలేదు. డైవ్ మూడో రోజుకి జరిగింది.

రెండో రోజు మధ్యాహ్నం పన్నెండుకి హోటల్ చేరాం. కౌంటర్‌లో కుర్రాడు మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లో, తాతగారిది పలాస వైపట. అండమాన్‌లో మనవాళ్లు తరాలుగా ఉన్నారు, ఆశ్చర్యమేం లేదు. బావ ఆ పలాసని పట్టుకుని ఐదు శాతం తగ్గించమన్నారు, అతను నవ్వాడు. గది తలుపు తీసి, తెర తొలగించి, బావ నిలబడిపోయారు. ఎదురుగా కనుచూపు మేరా తడి ఇసుక, నల్లటి రాళ్లు, పక్కకి ఒరిగిపోయిన ఒక పడవ. రాళ్ల మీద రెండు కాకులు ఏదో పొడుచుకుంటున్నాయి.

"బాబూ, సముద్రం ఏదీ?"

"సాయంత్రం వస్తుందండి."

ఆటుపోట్లని ఒకటుంటుందని మాకు తెలియక కాదు. బుకింగ్ పేజీలో దాని గురించి టిక్కు పెట్టుకునే గడి లేదు. తూర్పు తీరాన ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం పోతాయి. సాయంత్రం ఆరింటికి, అన్న మాట ప్రకారం సముద్రం వచ్చింది. కానీ దేశమంతటికీ ఒకే గడియారం కావడంతో చలికాలంలో అక్కడ ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. చీకట్లో సీ వ్యూ గది, గార్డెన్ వ్యూ గది ఒకటే. అమ్మ ఫోన్ చేసి నీళ్లెలా ఉన్నాయిరా అంది. చప్పుడు వినిపిస్తోందమ్మా అన్నాను.

మూడో రోజు పొద్దున్నే డైవ్ సెంటర్‌లో ఆరోగ్యం ఫారం ఇచ్చారు. ఆస్తమా ఉందా, బీపీ ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, ఇలా. బావ గురించి మీకు చెప్పాలి. పెళ్లి భోజనాల్లో పక్కవాడు ఎవరైనా సరే, పప్పు నుంచి పెరుగు వచ్చేలోగా తన జబ్బులన్నీ వరసగా వినిపించగల మనిషి. అలాంటి మనిషి ఫారం చూడగానే పెళ్లిచూపుల్లో కూర్చున్న వరుడిలా అన్నిటికీ 'లేదు' అని టిక్కు కొట్టేశారు. అక్క ఏమీ మాట్లాడకుండా హ్యాండ్‌బ్యాగ్ తెరిచి మాత్రల డబ్బా బల్ల మీద పెట్టింది. సోమ, మంగళ, బుధ అని అరలున్న డబ్బా. డాక్టర్ చూసి సరేనన్నాక రండి అన్నారు వాళ్లు. బావ డైవ్ మర్నాటికి పడింది.

డైవ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ముందు మోకాళ్ల లోతులో నేర్పిస్తారు: ఊపిరి బిగపట్టకూడదు, చెవులు బిగుసుకుంటే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి. తర్వాత పిల్లి తన పిల్లని మెడ పట్టి మోసినట్టు ఇన్‌స్ట్రక్టర్ మన సిలిండర్ పట్టుకుని లోపలికి తీసుకెళ్తాడు. మా ఆవిడ ఫోటోల కోసం వెతికి వెతికి ఎర్ర టీషర్టు కొంది. నీళ్లలో మొట్టమొదట మాయమయ్యే రంగు ఎరుపేనట. వీడియోలో ఆమె చింతపండు పులుసు రంగులో ఉంది. పగడపు దిబ్బని పటపటా కొరుకుతున్న చిలకచేపని చూశాను. అది పగడాన్ని నమిలి వెనకనుంచి ఇసుకగా వదులుతుంది. ఇలాంటి బీచుల్లోని తెల్ల ఇసుకలో కొంత వాటి పుణ్యమే. బీచ్ ఫ్రంట్ అని రోజుకి అదనంగా ఎందుకు కట్టామో అప్పుడు అర్థమైంది.

బావ విషయానికొస్తే, నీటి కింద బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. బాగుందనడానికి వేళ్లతో సున్నా చుట్టాలి. ఇది ఆయనకి రెండుసార్లు చెప్పారు. ఒక చేప ఆకట్టుకుంది, బొటనవేలు ఎత్తారు, పైకి తెచ్చారు. మళ్లీ దింపారు, ఇంకేదో నచ్చింది, మళ్లీ పైకి. ఆయన పొడి గంటల లెక్కలో ఇంకో పావుగంట కలిసింది.

తిరిగొచ్చాక బావ హోటల్‌కి ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాశారు. నేనే టైప్ చేశాను. "గది శుభ్రంగా ఉంది. గీజరు పనిచేసింది. ఇడ్లీ మెత్తగా ఉంది. కానీ బుకింగ్‌లో చూపించిన సముద్రం రోజులో సగం సేపు లేదు. రెండుసార్లు చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదు."

మర్నాడే జవాబొచ్చింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, ఫిర్యాదును సంబంధిత విభాగానికి పంపామని, ఈసారి పౌర్ణమికి వస్తే సముద్రం ఇంకాస్త దగ్గరగా వస్తుందని.