సవరణ: 43 లక్షల కార్ల లెక్క

మన కార్ల మార్కెట్ మీద రాసిన పోస్టులో ‘2024-25లో 43 లక్షల కార్లు అమ్ముడయ్యాయి’ అన్న చోట ‘కంపెనీలు దేశంలోని డీలర్లకు 43 లక్షల ప్యాసింజర్ వాహనాలు పంపాయి’ అని చదువుకోండి. వాహన తయారీ కంపెనీల సంఘం సియామ్ లెక్క అదే. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా డీలరు యార్డులో దుమ్ము పట్టిన బండి కూడా అందులో ఉంటుంది. కొన్నవాళ్ల చేతికి వెళ్లినవెన్నో డీలర్ల సంఘం ఫాడా రిజిస్ట్రేషన్లను బట్టి చెబుతుంది. అయితే వాటిలో తెలంగాణ బళ్లు లేవు (అదో తలనొప్పి). కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి ‘ఇన్ని మిగిలిపోయాయి’ అనలేం.

సియామ్ లెక్కలో అంతకు ముందు ఏడాది మీద పెరుగుదల సుమారు 2 శాతమే, అదీ ఎస్‌యూవీల పుణ్యం. చిన్న కార్లు తగ్గాయి. వాటిపై జీఎస్టీ 18 శాతానికి దిగింది 2025 సెప్టెంబరు 22న. ఆ ప్రభావం ఈ అంకెల్లో లేదు.