లియొనోరా కారింగ్టన్ గురించి తిరుగుతున్న ఆ నాలుగు మాటలు

కలల్లాంటి వింత లోకాలు గీసే సర్రియలిస్ట్ చిత్రకారిణి లియొనోరా కారింగ్టన్ పెయింటింగ్ ఎవరు షేర్ చేసినా కింద దాదాపు ఇవే మాటలు: జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ ప్రేయసి, బొమ్మలు ఆయన దగ్గరే నేర్చుకుంది, ఆయన దూరమయ్యాక పిచ్చెక్కింది, మెక్సికోలో బతికినా అసలుకి ఇంగ్లిష్ చిత్రకారిణే. వీటిలో ప్రేయసి అన్న మాట నిజం, అదీ మూడేళ్లపాటు. ఆమె బతికింది 94 ఏళ్లు.

ముందు నేర్చుకోవడం సంగతి. ఎర్న్‌స్ట్‌ను ఆమె కలిసింది 1937లో. అంతకు ముందే, 1936లోనే, లండన్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఓజాన్‌ఫాన్ నడిపే ఆర్ట్ స్కూల్లో చేరింది. ఓజాన్‌ఫాన్ ఒకే యాపిల్‌ను నెలల తరబడి, అది ఎండి ముడుచుకుపోయేదాకా గీయించాడని ఆమే చెప్పింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఆమె స్వీయచిత్రాన్ని ఒకసారి నిదానంగా చూడండి. నీలం కుర్చీలో తెల్లటి స్వారీ ప్యాంటుతో జుట్టు రేగిపోయి కూర్చున్న అమ్మాయి, ఎదురుగా పొదుగు పాలతో నిండిన హైనా, వెనక గోడ దగ్గర గాల్లో తేలుతున్న కొయ్య గుర్రం, కిటికీ అవతల పరుగెత్తిపోతున్న నిజం గుర్రం. ఇందులో నాకు శిష్యురాలు కనబడదు, ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లు యజమాని ఇంట్లోంచి బయటపడాలని తన్నుకుంటున్న కూతురు కనబడుతుంది.

పిచ్చి అన్న మాట దగ్గర నాకు కడుపు మండుతుంది. 1940లో, యుద్ధం మధ్యలో, జర్మన్ అన్న కారణంతో ఎర్న్‌స్ట్‌ను ఫ్రాన్స్‌లో నిర్బంధిస్తే, హిట్లర్ సేన వస్తోందని తెలిసి ఆమె స్పెయిన్‌కు పారిపోయింది, అక్కడ మనసు చెదిరింది, కాదనను. కానీ ఆ తర్వాత జరిగింది ప్రేమకథ కాదు కదా! స్పెయిన్‌లోనే శాంటాండర్ ఊళ్లోని మానసిక ఆస్పత్రిలో కట్టేసి, ఫిట్స్ తెప్పించే కార్డియజోల్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అప్పుడామెకు 23 ఏళ్లు. ఇంటివాళ్లు దక్షిణాఫ్రికాలో ఇంకో ఆస్పత్రికి పంపబోతే, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కాపలా మనిషి కళ్లు గప్పి, ఒక కేఫ్‌లోకి వెళ్లి వెనక దారిన బయటపడి, టాక్సీ ఎక్కి మెక్సికో రాయబార కార్యాలయానికి చేరింది. అక్కడి దౌత్యవేత్త, కవి రెనాటో లెదుక్‌ను పెళ్లాడి అట్లాంటిక్ దాటింది. ఎర్న్‌స్ట్ కూడా అప్పుడు లిస్బన్‌లోనే ఉన్నాడు, ఆయనతో కలిసి బతకడానికి మాత్రం ఆమె తిరిగి వెళ్లలేదు.

ఇక ఇంగ్లిష్ చిత్రకారిణి. మెక్సికోకు 1942లో వచ్చింది, మధ్యలో కొన్నాళ్లు అమెరికాలో ఉన్నా 2011లో పోయిందీ అక్కడే. లెదుక్‌తో విడిపోయాక హంగేరీ ఫోటోగ్రాఫర్ చికీ వైజ్‌తో సంసారం, ఇద్దరు కొడుకులు, స్పెయిన్ చిత్రకారిణి రెమెదియోస్ వారోతో విడదీయలేని స్నేహం, గుడ్డు సొనతో కలుపుకున్న రంగులు, అన్నీ అక్కడే. 2024లో 2.85 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన చిత్రం కూడా 1945లో అక్కడే వేసింది. జాతీయ మానవశాస్త్ర మ్యూజియం కోసం అక్కడి ఆదివాసులైన మాయా ప్రజల లోకం మీద పెద్ద చిత్రం వేయడానికి 1960లలో మెక్సికో దక్షిణాన ఉన్న చియాపాస్ వెళ్లి వాళ్ల మధ్య తిరిగి వచ్చింది. 1970లలో మెక్సికో స్త్రీల ఉద్యమానికి పోస్టర్ గీసింది.

శిల్పాల ఊసు ఆ పోస్టుల్లో ఎక్కడా ఉండదు. మెక్సికోలోనే సాన్ లూయిస్ పొతోసీ నగరంలో పాత జైలును మార్చిన చోట 2018లో తెరిచిన ఆమె మ్యూజియంలో ఉన్నవి ముఖ్యంగా శిల్పాలే. మెక్సికో నగరంలో పసేయో దె లా రెఫార్మా రోడ్డు మీద ఆమె 80 దాటాక చేసిన కంచు పడవ ఉంది. ఆ పడవే ఒక మొసలి. లోపల కూర్చుని ప్రయాణం చేస్తున్నవీ మొసళ్లే.