సింపులే వదినా అనేవాళ్లందరికీ

ఇప్పుడే జరిగింది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. నా సొంత సైటులో మొట్టమొదటి పోస్టు పెట్టి, లింకు తీసుకెళ్లి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేశాను. "సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూపులు" అని పేరు. పంటు అంటే మా కోనసీమలో మనుషుల్నీ బండ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ. కనీసం ఇద్దరన్నా చదువుతారేమో అని ఫోను పట్టుకుని కూర్చున్నాను. హైదరాబాద్ నుంచి మా మరిదిగారి జవాబు వచ్చింది: "వదినా, ఇదేదో వైరస్ లింకులా ఉంది. ఎవరూ నొక్కకండి." దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. మా తోడికోడలైతే ముందే హెచ్చరించినందుకు మొగుడికి థాంక్స్ కూడా చెప్పింది, గ్రూపులోనే.

నిజమే, లింకు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. శాతం గుర్తు, ఈ, సున్నా, మళ్లీ శాతం గుర్తు, బీ, సున్నా, మళ్లీ శాతం గుర్తు, ఇంకేదో. ఇలా ఫోను తెర నిండా. తెలుగులో పేరు పెట్టిన పాపానికి అది. తెలుగు అక్షరం వెబ్ చిరునామాలోకి వెళ్లాలంటే లోపల మూడు బైట్లు, అంటే మూడు ముక్కలు, అవుతుందట, ఒక్కో బైటునీ మూడేసి ఇంగ్లిష్ గుర్తులతో రాస్తారట. అంటే అక్షరం, గుణింతం, పొల్లు, సున్నా, దేనికది విడిగా లెక్క, ఒక్కోదానికి 9. నా సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, అందులో పోస్టు పేరుకి ఇచ్చే జాగా మొత్తం 200. కూర్చుని లెక్కపెట్టాను, మరి కోపం వస్తే మనిషి ఏమైనా చేస్తుంది. "సఖినేటిపల్లి రేవులో పంటు" దగ్గరికి, మాటల మధ్య పడే రెండు గీతలతో కలిపి, సరిగ్గా 200 అయిపోయాయి. "కోసం ఎదురుచూపులు" రేవులోనే నిలబడిపోయాయి, పంటు ఎక్కలేదు. అదే 200లో ఇంగ్లిష్‌వాడు ఓ చిన్న పేరా రాసుకోవచ్చు.

మరి దీనికి మందేమిటి అంటే, ప్రతి పోస్టుకీ ఆ చిరునామా గడిలోకి వెళ్లి, ఇంగ్లిష్ అక్షరాల్లో మనమే ఏదో ఒకటి కొట్టుకోవాలట. ప్రపంచ లిపులకి కంప్యూటరులో చోటు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. ఇన్నేళ్లయినా మన ఊరి పేరు మన లిపిలో లింకులో పెడితే ఇంట్లోవాళ్లే వైరస్ అంటున్నారు. ఈ ముక్క మరిదిగారికి చెప్తే "అవును వదినా, ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే పెట్టుకోవాలి, సింపుల్" అన్నాడు.

సింపుల్! ఈ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి.

మొదట్నించీ అదే మాట. "సొంత సైటు పెట్టుకో వదినా, ఐదు నిమిషాలు." ఆ ఐదు నిమిషాల ముచ్చట వర్డ్‌ప్రెస్ వాళ్లది కూడా, తమ ఇన్‌స్టలేషన్‌కి ఆ పేరే పెట్టుకుని ఘనంగా చెప్పుకుంటారు. 2003 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, ఉచితం, ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు, అంతా నిజమే. కాకపోతే ఆ ఐదు నిమిషాలు ఎప్పుడు మొదలవుతాయో ఎవరూ చెప్పరు. డొమైన్, అదే సైటు పేరు, తీసుకున్నాక, హోస్టింగ్, అదే సైటు ఉండే అద్దె సర్వరు, తీసుకున్నాక, రెండింటికీ ముడి పెట్టాక, రాతలన్నీ దాచే డేటాబేసు తయారుచేశాక, దానికో యూజరు, యూజరుకో పాస్‌వర్డు అయ్యాక అప్పుడు మొదలవుతాయి. వంటంతా అయిపోయాక విస్తరి వేయడం ఎంతసేపమ్మా!

ఇంకో విచిత్రం, వర్డ్‌ప్రెస్ అనేవి రెండున్నాయి. డాట్ కామ్‌ది ఒకటి, అది వాళ్లే నడిపిపెట్టే సర్వీసు. డాట్ ఆర్గ్‌ది ఇంకొకటి, సాఫ్ట్‌వేరు మాత్రమే, మనం దించుకుని మన సర్వర్లో పెట్టుకోవాలి. ఈ తేడా ముందు చెప్పకుండా గంటసేపు వీడియో చేసే మహానుభావులు ఉన్నారు. చివరి పావుగంటలో చెప్తారు, అప్పటికి మనం ఎక్కడో అకౌంటు తెరిచేసి ఉంటాం.

హోస్టింగ్ కంపెనీ పేరు నేను చెప్పను. నెలకి ఇంతే అని పెద్దక్షరాల్లో ఒక రేటు. బుట్టలోకి వెళ్లి చూస్తే ఆ రేటు నాలుగేళ్ల డబ్బు ఒకేసారి కడితేనట. దాని మీద 18 శాతం జీఎస్టీ. రెన్యువల్ రేటు అడుగున బూడిద రంగులో, అద్దాలు పెట్టుకున్నా కనపడదు. పైగా సైటు తాళం బొమ్మకి, అదే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి, వేరే డబ్బులు, ముందే టిక్కు కొట్టి పెట్టారు. అది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది! గడువు తీరేలోగా దానంతటదే రెన్యూ అయ్యేట్టు పెట్టుకోవచ్చు. అది లేకపోతే 2018 నుంచి క్రోమ్ మన సైటు నెత్తిన "నాట్ సెక్యూర్" అని రాస్తుంది కాబట్టి, తెలియనివాళ్లు భయపడి కడతారు. ఆ భయం మీదే వ్యాపారం.

డేటాబేసు దగ్గర నాకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. సీప్యానెల్లో, అంటే హోస్టింగ్ వాళ్లిచ్చే సెట్టింగుల పేజీలో, డేటాబేసుకి "రేవు" అని పేరు పెట్టాను. అది నన్నడక్కుండా ముందు నా అకౌంటు పేరు, ఒక అడుగు గీత తగిలించుకుంది. యూజరుకీ అంతే. తర్వాత వర్డ్‌ప్రెస్ పేరేమిటి అని అడిగితే నేను పెట్టిన పేరే కదా ఇస్తాను? తెల్లటి పేజీ మధ్యలో "ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్". కింద పేరో పాస్‌వర్డో తప్పు కావచ్చు, సర్వరు దొరక్కపోవచ్చు అని నాలుగు ముక్కలు. సరిగ్గా ఏ గడిలో తప్పో మాత్రం చెప్పదు. పాస్‌వర్డు మార్చి చూశాను, బ్రౌజరు మార్చి చూశాను. చివరికి తేలిందేమిటంటే ముందున్న ఆ తగిలింపుతో సహా మొత్తం పేరు ఇవ్వాలి. అదైనా చాలదు, యూజర్ని తయారుచేసి ఊరుకుంటే కాదు, ఆ యూజర్ని ఆ డేటాబేసుకి మళ్లీ విడిగా కలిపి, అన్ని హక్కులూ ఇస్తున్నానని టిక్కు పెట్టాలి. ఈ సంగతి చెప్తే మరిదిగారు "అది కామన్ సెన్స్ వదినా" అన్నాడు.

కామన్ సెన్సంట. కోనసీమలో పుట్టి, ఇప్పటికీ కొబ్బరికాయ పీచు తీయడం రాదు ఆ మనిషికి. పండక్కొస్తే నేను తీసిస్తాను. ఏనాడైనా "కామన్ సెన్స్ బాబూ" అన్నానా?

డొమైన్‌ని హోస్టింగ్‌కి ముడిపెట్టే నేమ్‌సర్వర్లు మార్చాక సైటు నా ఫోను డేటాలో తెరుచుకుంది, ఇంట్లో ఫైబర్ నెట్‌లో తెరుచుకోలేదు. మా ఆయన ఫోనులో ఓసారి వచ్చింది, ఓసారి డొమైన్ కంపెనీ పెట్టే పాత ఖాళీ పార్కింగ్ పేజీ వచ్చింది. నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను. ఒక్కో నెట్ కంపెనీ పాత చిరునామాని తన దగ్గర కొంతసేపు దాచుకుంటుందట, ఆ గడువు ఒక్కోచోట ఒక్కోలా తీరుతుందట, 48 గంటల దాకా పట్టొచ్చట. ఇది ముందే ఒక్క వాక్యంలో చెప్తే ఏం పోయింది? నేను ఈలోగా సరిగ్గా ఉన్న సెట్టింగులన్నీ మార్చి పారేసే దాకా వచ్చాను కదా.

"ఇంత కష్టం ఎందుకండీ, ఫేస్‌బుక్ ఉందిగా" అంటారు మీలో కొందరు. ఉంది. రెండేళ్ల క్రితం ఇక్కడే పంటు మీద రాస్తే, ఒక పేజీవాళ్లు అక్షరం పొల్లుపోకుండా ఎత్తేసి, కింద నా పేరు కత్తిరించి, పైన సూర్యాస్తమయం ఫొటో పెట్టి వేలకి వేలు లైకులు దండుకున్నారు. అడిగితే నన్నే బ్లాక్ చేశారు. 2011లో కోనసీమ రైతులు సార్వా, అదే ఖరీఫ్ వరి, వేయం అని పంట విరామం ప్రకటించారు గుర్తుందా? దేశమంతా మాట్లాడుకున్నారు. దాని గురించి మన ఊళ్ల రైతులు తెలుగులో చెప్పుకున్నది ఈరోజు నెట్‌లో వెతకండి, ఎంత దొరుకుతుందో చూస్తాను. లాకుల మీదుగా సరుకు పడవలు తిరిగిన రోజులు చూసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఎక్కడో ఒకచోట, కొత్త పోస్టుల కింద కొట్టుకుపోకుండా, నా పేరుతో ఉండాలనే కదా ఈ తంటా అంతా.

నేను పాతికేళ్ల నుంచి రాస్తున్నాను, సావనీర్లలో, ఊరి పత్రికల్లో. అవన్నీ సైటులో పెడదామని డీటీపీ షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తెచ్చుకున్నాను. అన్నీ డీటీపీవాళ్లు వాడే పాత అను ఫాంటే. కాపీ చేసి సైటులో వేస్తే తెలుగు లేదు, ఇంగ్లిష్ అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగాపులగం. అను తెరలో తెలుగు బొమ్మ చూపిస్తుంది గానీ లోపల ఉన్నది తెలుగు కాదన్నమాట. కన్వర్టర్లు ఉన్నాయట. వేసి చూశాను, వత్తులు సగం ఎగిరిపోయాయి. నా వ్యాసంలో "అన్నంపెట్టిన కాటన్" వచ్చే వాక్యం చదివితే ఆ మహానుభావుడు 1852లో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట మీంచి దూకేయాలనిపిస్తుంది. అదంతా మళ్లీ టైపు కొట్టుకోవాలి. దీని గురించి ఎవడూ వీడియో చేయడు.

ఇక అన్నిటికంటే మండిన సంగతి. "సొంత సైటు, సొంత పేరు" అని ఊదరగొట్టారు కదా. డొమైన్ కొనుక్కున్నాను, ఇక నాదే అనుకున్నాను. కాదట. ఒక్కసారికి పదేళ్లకి మించి ఇవ్వరు, ఎప్పటికప్పుడు కట్టుకుంటూ పోవాలి. గడువు దాటితే కంపెనీవాళ్లు ఓపిక పట్టినంతసేపు పట్టి, ఆ తర్వాత 30 రోజులు విడిపించుకోడానికి జరిమానా. అదీ దాటితే ఎవరైనా తీసుకోవచ్చు. హోస్టింగూ అంతే. అంటే ఇది కౌలు. అచ్చంగా కౌలు. ఎకరం మనది కాదు, గట్టు మనది కాదు, ఏటా డబ్బు కట్టినంతకాలం దున్నుకోవాలి, కట్టకపోతే దిగిపోవాలి. ఈ మాట ముందు చెప్పలేదేం అని అడిగితే మరిదిగారు "అదేంటి వదినా, అందరికీ తెలిసిందే" అన్నాడు.

కౌలు సంగతి ఆయనకి బాగానే తెలుసు మరి!

ఇది ఇక్కడ రాయకూడదనుకున్నాను. కానీ వైరస్ అన్నాడు కదా గ్రూపులో, అందరి ముందూ. రాస్తాను. మా మామగారి పొలం అన్నదమ్ములిద్దరికీ పంచారు. పక్కపక్కనే, మధ్యలో ఒక గట్టు. ఆయన హైదరాబాద్‌లో కూర్చుని ఆయన వాటా రొయ్యల చెరువుకి లీజుకిచ్చేశాడు. మమ్మల్ని అడగలేదు, చెప్పాడు. ఫోనులో. "సింపుల్ వదినా, ఏడాది తిరిగేసరికి డబ్బు అకౌంటులో పడుతుంది, మీరూ ఇచ్చేయండి." చెరువులో పెట్టేది వనామీ రొయ్య. ఉప్పునీళ్లు. ఆ నీళ్లు గట్టు దగ్గర ఆగుతాయా? బోదె కాలువలోకి ఊరాయి, మా చేలోకి ఊరాయి. మొదటి ఏడాది గట్టు వారగా రెండు బారలు మొక్క ఎర్రబడింది. రెండో ఏడాది సగం చేనుకి వచ్చింది. దాళ్వా, అంటే రెండో పంట, కోస్తే కంకి చేతిలోకి తీసుకుని నలిపితే తాలు, ఊదితే ఎగిరిపోయింది. రాత్రంతా చెరువు నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ల మోత, కిటికీ తలుపు వేసుకున్నా నిద్ర ఉండదు. 2020లో ఆక్వా అథారిటీ చట్టం వచ్చింది, చెరువుకి లైసెన్సు ఉండాలి కదా, కాగితం చూపించు అన్నాం. "లీజుదారుడు చూసుకుంటాడు." లీజుదారుడినడిగితే "ఓనరు గారు చూసుకుంటారండి."

సింపులే మరి. ఉప్పు మాకు, లీజు ఆయనకి.

ఈయనే 2022 మే నెలలో, అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఇక్కడ మా ఇంట్లోనే ఉన్నాడు, వర్క్ ఫ్రం హోమ్ అని. అప్పుడు చూడాలి ఆ టెన్షన్. పొద్దున్నే లాప్‌టాపు సంచి తగిలించుకుని, మా ఆయన్ని బండి మీద దింపమని ప్రాణం తీసి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు సిగ్నలు వెతుక్కుంటూ పరుగు. సాయంత్రం వాడిపోయిన మొహంతో రావడం. "నెట్ లేకపోతే ఎంత నరకమో మీకు తెలీదు వదినా" అని నా చేతి పప్పుచారు తింటూ వాపోయాడు. పాపం అని ఇంకో గరిటె వేశాను నేను.

సరే, సైటు మాత్రం ఉంటుంది. లింకులన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారుస్తున్నాను, కాబట్టి వైరస్ భయం ఉన్నవాళ్లు రేపటి నుంచి నిశ్చింతగా నొక్కొచ్చు. తర్వాతి వ్యాసం పంటు మీద కాదు, ఉప్పు పట్టిన చేల మీద. ఫొటోలతో సహా పెడతాను, గట్టుకి ఇవతల ఒకటి, అవతల ఒకటి. అను ఫాంటు ఫైళ్లు వత్తులు పోకుండా మార్చడం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇన్‌బాక్సులోకి రండి, డబ్బులిస్తాను, భోజనం కూడా పెడతాను.

మరిది బాబూ, నువ్వు ఇక్కడ లైకు కొట్టవు గానీ అన్నీ చదువుతావని తెలుసు. శనివారం గట్టు కొలవడానికి సర్వేయరు వస్తున్నాడు. నువ్వు ఉండాలి. జూమ్ లింకు పంపకు.