సవరణ: చిన్న వయసు తల్లుల బిడ్డల గురించి

దేవరకొండ ప్రాంతంలోని బాల్య వివాహాలపై గతంలో నేను రాసిన వ్యాసంలో ‘పద్దెనిమిదేళ్లు నిండకుండా తల్లి అయిన అమ్మాయికి పుట్టిన బిడ్డ తెలివితేటల్లో వెనుకబడుతుంది’ అని ఉంది. ఆ వాక్యం తప్పు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

చిన్న వయసు కాన్పుల్లో తల్లికి గుర్రపువాతం (రక్తపోటు పెరిగి ఫిట్స్) రావడం, నెలలు నిండకుండానే ప్రసవం కావడం, బిడ్డ 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు ఎక్కువన్నది నిజమే. అయితే ప్రమాదం ఎక్కువ కావడం వేరు, అలాగే జరిగి తీరుతుందనడం వేరు. బిడ్డ ఎదుగుదలను తల్లి వయసు ఒక్కటే నిర్ణయించదు. పేదరికం, ఆగిపోయిన చదువు, కాన్పు తర్వాతి కుంగుబాటు, ఇంట్లో చేయూత లేకపోవడం అన్నీ కలిసి ఆమె బిడ్డతో మాట్లాడే, ఆడించే సమయాన్ని మింగేస్తాయి.

నా వాక్యం చదివించుకుని విన్న ఒక తండాలోని పదిహేడేళ్ల తల్లి ‘అయితే నా బిడ్డ ఇంతేనా సారూ’ అని అడిగింది. అలా అడుగుతూనే, చాటలో బియ్యం ఏరుతూ, పక్కన బొంత మీది ఐదు నెలల పాప ‘ఊ’ అన్నప్పుడల్లా తానూ ‘ఊ’ అంటోంది. మెదడు వేగంగా ఎదిగే ఆ నెలల్లో పసిబిడ్డకు కావలసింది సరిగ్గా ఆ బదులే. నేను రాయవలసింది ఆ మాట.

మరొకటి: తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో ఒక పూట సంపూర్ణ భోజనం గర్భిణులకే అని రాశాను, అది బాలింతలకు కూడా అందుతుంది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయి కనీస పెళ్లి వయసు 18 ఏళ్లన్న భాగంలో మార్పు లేదు.