మూడు నెలల్లో ఆ బాడీ రాదు అబ్బయ్యా

నెల్లూరులో మేం వెళ్లే జిమ్‌కి ఈ మధ్య డిగ్రీ చదివే కుర్రాడొకడు వస్తున్నాడు. చేరి నలభై రోజులు కూడా కాలేదు, నిన్న నన్ను పక్కకి పిలిచి "అన్నా, కండ పెరగడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసుకోమంటున్నారు, వేసుకోనా?" అని అడిగాడు. చెప్పింది ఎవరో కాదు, అక్కడి ట్రైనరే. గోడ మీద ఫోటోలో ఉన్న తన ఒళ్లు మాత్రం కోడిగుడ్లూ చికెనూ తిని పెంచిందేనని అందరికీ చెప్తాడు. నాకు మండేది ఇక్కడే. వాడితే వాడానని చెప్పొచ్చు కదా! ఆ ఫోటో చూసి, ఏడాదంతా కష్టపడి మూడు నాలుగు కిలోల కండ పెంచుకున్న ఇంకో పిల్లోడు తనలోనే ఏదో లోపముందని కుమిలిపోతున్నాడు, నిజానికి మందుల్లేకుండా ఏడాదిలో అంత పెరగడమే గొప్ప.

స్టెరాయిడ్లు వేసుకుంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పడిపోతుంది, వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, కొందరికి రొమ్ములు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గిపోయి గుండె దెబ్బతింటుంది. పైగా ఇవి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా పరుగువీరుడు బెన్ జాన్సన్ గెలిచిన వంద మీటర్ల పసిడి పతకం వెనక్కి పోయింది స్టానోజోలాల్ అనే స్టెరాయిడ్ వల్లే, అదే మందు పేరు ఇప్పుడు మా జిమ్‌లో ఇరవై ఏళ్ల పిల్లల నోట వింటున్నాను.

గుడ్లు, పప్పు, మన చేపలు, కంటినిండా నిద్ర, రెండు మూడేళ్ల ఓపిక. వద్దు అబ్బయ్యా అని ఇవన్నీ గంటసేపు చెప్పాను. తలూపాడు, కానీ ఈరోజు జిమ్‌కి రాలేదు, ఫోన్ కూడా ఎత్తడం లేదు.