స్లాబు మీది గేట్ వాల్వ్ గారికి

మహారాజశ్రీ అంగుళం ఇత్తడి గేట్ వాల్వ్ గారికి,
ప్రస్తుత చిరునామా: మెట్ల కింద, తెగిన చెప్పుల పక్కన, రామగిరి, నల్లగొండ.

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మేమంటే నేను, మా ఆవిడ, మా నాయన. హాల్లోని పరుపు, బీరువా అడుగు అరలోని పట్టుచీరలు, గోడకు ఆనించి పెట్టిన పాతిక కిలోల సన్నబియ్యం బస్తా మాత్రం క్షేమంగా లేవు. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. తలవకపోయినా మీకు పోయేదేమీ లేదు, మీరెలాగూ కదలరు.

2013లో గృహప్రవేశానికి వారం ముందు మీరు మా టాంకీ కింద, నీళ్లు ఆపే డ్యూటీలో చేరారు. నెత్తిన ఎర్ర చక్రం, ఒళ్లంతా పసుపు మెరుపు, కొత్త పెళ్లికొడుకులా ఉండేవారు. బదిలీ లేదు, తనిఖీ లేదు, రిటైర్మెంటూ లేదు. కుడివైపు తిప్పితే మూసుకోవాలి, ఎడమవైపు తిప్పితే తెరుచుకోవాలి, సర్వీసు రూల్సు మొత్తం ఇంతే. పన్నెండేళ్లలో మిమ్మల్ని ఒక్కసారి కూడా ఎవరూ తిప్పలేదన్నది నిజమే. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ తప్పు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, పొద్దున ఆరున్నర. బాత్రూం నల్లా మూడు వారాలుగా కారుతోంది. ధారగా కారితే ఎవరైనా పట్టించుకుంటారు. ఇది ఒక చుక్క వేసి, ఆగిందని మనం నమ్మేదాకా ఓపిక పట్టి, ఇంకో చుక్క వేసే రకం. "ప్లంబర్‌ను పిలువు" అని మా ఆవిడ రోజూ చెప్పేది. "ఇంతదానికి ప్లంబర్ ఎందుకు?" అని నేను రోజూ అనేవాణ్ని. ఆ ఆదివారం మాత్రం అనడంతో ఆగకుండా పానా తీశాను.

నల్లా మెడ పట్టి పావు చుట్టు బిగించాను. చుక్క పడింది. ఇంకో పావు చుట్టు. మళ్లీ పడింది. మూడో పావుకు గోడలో టక్కుమని చప్పుడైంది. ఎండు వేరుశనక్కాయ చిదిమినట్టు, అంతే. నల్లా నా చేతిలోకి వచ్చింది. నీళ్లు గోడలోంచి కడ్డీలా దూసుకొచ్చి ఎదుటి గోడ మీది సబ్బుపెట్టెను కొట్టి, అద్దాన్ని కొట్టి, తిరిగొచ్చి నన్ను కొట్టాయి.

బొటనవేలు పెట్టి నొక్కాను. ఉన్నది అర అంగుళం రంధ్రం. నిండుగా నొక్కితే మోచేతి దాకా వణుకు, కాస్త సడలితే వేలి చుట్టూ నీళ్లు విసనకర్రలా విచ్చుకుని కళ్లలో పడుతున్నాయి. "పైన వాల్వ్ మూసెయ్!" అని అరిచాను. చూశారా, ఆపద వచ్చినప్పుడు మొదట తలుచుకున్నది దేవుణ్ని కాదు, మిమ్మల్ని.

మా ఆవిడ రెండేసి మెట్లు ఎక్కి పోయింది. నిమిషం తర్వాత పైనుంచి, "ఇది వస్తలేదు!"

"కుడికి తిప్పు!"

"ఏ దిక్కుకూ వస్తలేదు!"

తను దిగి వచ్చి నా బదులు బొటనవేలు పెట్టింది. పెడుతూ, "ముట్టుకోవద్దని చెప్పిన గదా" అంది. ఆ మాట ఆ రోజు మొదటిసారి అది. నేను పానాతో పైకి పరిగెత్తాను.

ఇక్కడి నుంచి మీరు, గారు వదిలేస్తున్నా.

చక్రం రెండు చేతులతో పట్టి తిప్పితే నువ్వు ఏం చేశావు? ఆ ఎర్ర చక్రాన్ని అప్పడంలా విరిచి నా చేతిలో పెట్టావు. మిగిలిన కాడకు పానా వేసి బలం పెట్టాను. కిర్రుమన్నావు, తర్వాత మెత్తగా తిరిగావు. ఒక చుట్టు, రెండు చుట్లు, అయిదు చుట్లు, నెయ్యి రాసినట్టు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కిందికి వంగి "ఆగిందా?" అని కేకేశాను.

"ఇంకా ఎక్కువైంది!"

కాడ తిరుగుతోంది, లోపలి ఇత్తడి పలక మాత్రం కదలడం లేదు. రెండింటికీ ఎప్పుడో తెగిపోయింది. బయటికి పనిచేస్తున్నట్టు కనిపిస్తూ లోపల అంగుళం కదలకపోవడం మా ఊళ్లో కొన్ని సీట్లలోనే చూశాను, ఇత్తడిలో చూడటం ఇదే మొదలు. పైగా కాడ మొదట్లోంచి నువ్వే ఇంకో ధార మొదలుపెట్టావు.

నీ వంశం అంత చిన్నది కాదురా. ఇక్కడికి దగ్గరలోనే నాగార్జునసాగర్‌కు 26 గేట్లున్నాయి. నీటిమట్టం 590 అడుగులకు చేరి గేట్లు ఎత్తారంటే జనం పులిహోర డబ్బాలు కట్టుకుని చూడటానికి పోతారు. నీ చుట్టాల్లోనూ మొరాయించినవాళ్లు లేకపోలేదు. 2019 అక్టోబరులో మా మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి పోయింది. అప్పుడు కన్నయ్య నాయుడు గారనే రిటైర్డు ఇంజినీరు వచ్చి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లనే అడ్డుపలకలు దింపించి వరద ఆపారు. నా ఇంటికి ఎవరొస్తారు? ఆదివారం పొద్దున, అందులోనూ పెళ్లిళ్ల ముహూర్తాల్లో?

అనుకుంటుండగానే కింద గుర్రుమని మోటారు మొదలైంది.

టాంకీ వెయ్యి లీటర్లు, అయిపోతే అదే ఆగుతుందిలే అని మనసులో ఒక మూల ధైర్యం ఉండేది. నీళ్లు సగానికి దిగగానే తనంతట తానే బోరు ఆన్ చేసే ఆటోమేటిక్ స్టార్టర్‌ను పోయిన ఏడాది పెట్టించింది నేనే. పెట్టించి, వచ్చిన చుట్టాలందరికీ చూపించి మురిసిపోయిందీ నేనే. ఇటు నుంచి పోతున్న నీళ్లను అటు నుంచి బోరు శ్రద్ధగా నింపుతోంది. ఆ ఇంట్లో ఆ పూట సక్రమంగా డ్యూటీ చేసింది అదొక్కటే.

అప్పటిదాకా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్న మా నాయన లేచాడు. డెబ్బై ఆరేళ్లు. ముందు మోటారు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించాడు. తర్వాత గీజర్‌ది, తర్వాత ఇంటి మెయిన్. అరిగిన రబ్బరు చెప్పులు వేసుకుని, చెయ్యి లుంగీకి తుడుచుకుని మరీ దించాడు. నేనైతే తడి చేత్తోనే పెట్టేసేవాణ్ని, ఆ ఊహకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అప్పుడు నా వైపు చూసి, "ఏంరా, చెరువుకు తూము పాడైతే బయట నిలవడి కొట్లాడుతరా? లోపటికెళ్లి మూస్తరు" అన్నాడు.

మా ఊరి చెరువుకు నీరటి, అంటే తూము చూసుకునే మనిషి, ఉండేవాడట. తూము కాడికి మునిగి, గడ్డీ బట్టా కుక్కి, పైకి తేలి బీడీ అడిగేవాడట. నాయన పాత లుంగీ చింపి, పిడికిలంత ఉండ చుట్టి, దానికి ఒక నవారు ముక్క గట్టిగా కట్టాడు. నవారు ఎందుకంటే, ఉండ పైపులోకి పోకుండా పట్టుకోవడానికి, తర్వాత లాగేయడానికి. పక్కింటి డిగ్రీ పిల్లగాడు నా కాళ్లు పట్టుకున్నాడు. టాంకీ మూత తీసి నడుము దాకా లోపలికి వంగాను. లోపల చీకటి, నాచు వాసన, నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. చెంప నీళ్లకు ఆనింది. చేత్తో తడుముతూ పోతే అడుగున ఒక చోట నీళ్లు వేళ్లను లాగాయి. ఉండ అక్కడ పెట్టానో లేదో, నీళ్లే దాన్ని గుంజుకుని బిగించేశాయి.

కింద మా ఆవిడ బొటనవేలు తీసింది. తడిసి ముడతలు పడి ఉంది. నాకు చూపించి, "ముట్టుకోవద్దని చెప్పిన గదా" అంది.

ఇక ఫోన్లు. మొదటివాడు మిర్యాలగూడలో పెళ్లిలో ఉన్నాడు, వెనక బ్యాండు. రెండోవాడు "అద్దగంటల వస్త సార్" అన్నాడు. ప్లంబర్ అద్దగంటను ఏ గడియారంతో కొలుస్తారో ఎవరైనా చెబితే దండం పెడతా, మా గడియారం సెంటర్‌లో ఉన్నదానితో మాత్రం కాదు. మూడోది నెట్‌లో దొరికిన నంబర్. "నల్లగొండలో మీకు దగ్గరలోనే" అని రాసి ఉంది. ఎత్తినతను రామగిరి ఎక్కడో అడిగాడు. ప్రకాశం బజార్ పక్కన అన్నా. ప్రకాశం బజార్ ఎక్కడ అన్నాడు. ముందు 199 రూపాయలు బుకింగ్ ఫీజు కట్టండి, లింక్ పంపిస్తా, నొక్కండి అన్నాడు. నొక్కడానికి వేలు కూడా లేపాను. మనిషి గాబరాలో ఉన్నప్పుడే ఆ వేలు లేస్తుందని వాళ్లకు బాగా తెలుసు. మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"హార్డ్‌వేర్ షాపాయనను అడుగరాదు?" అంది. షాపు బంద్, కానీ ఆయన పైనే ఉంటాడు. పళ్లు తోముకుంటూ బాల్కనీలోంచి ఒక నంబర్ చెప్పాడు, ఎవరి దగ్గర ఉద్దెర ఉందో, ఎవరు పని మధ్యలో వదిలేస్తారో, ఎవరికి చెయ్యి శుద్ధం ఉందో ఆయనకు తెలిసినంతగా ఏ గూగుల్‌కూ తెలియదు. ముప్పావు గంటలో బండి మీద ఒకతను వచ్చాడు.

వచ్చిన ప్లంబర్ ముందు గోడను చూడడు, ముందటి ప్లంబర్‌ను తిడతాడు. ఇతనూ అంతే. నీ ముందు గొంతుక్కూర్చుని, "ఎవడు బిగించిండు సార్ దీన్ని?" అన్నాడు.

నాయన అతన్ని తేరిపార చూసి, "మీ మామనే గదనయ్యా. నువ్వు పక్కన నిలవడి పానాలు అందిచ్చినవ్" అన్నాడు.

అతను రెప్ప వేయలేదు. "అప్పుడు మాల్ మంచిగుండె సార్."

పనిలో మాత్రం పేరు పెట్టడానికి లేదు. హాక్సా బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి పట్టుకుని, గోడలో మిగిలిన తునకకు లోపలి నుంచి రెండు గాట్లు పెట్టాడు. స్క్రూడ్రైవర్ ఆనించి చిన్నగా తట్టాడు. పుచ్చిన పన్ను ఊడినట్టు ఆ ముక్క అరచేతిలోకి వచ్చింది. టైలు మీద గీత కూడా పడలేదు. తర్వాత నా నల్లా చేతిలోకి తీసుకుని, "కారేది బిగువు లేక కాదు సార్, లోపల వాషర్ అరిగింది. పది రూపాయలది" అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

తర్వాత నిన్ను కోసి బయటికి తీసి, విప్పి చూపించాడు. లోపల గోడలకంతా సున్నం పట్టి, పలక ఎక్కడ ఉందో వెతకాల్సి వచ్చింది. మా బోరు నీళ్ల ఉప్పు పన్నెండేళ్లుగా పొర మీద పొర వేసి నిన్ను పైకి ఎత్తిన చోటే సమాధి చేసింది. "మూణ్నెల్లకోపాలి మూసి తీస్తే ఇట్ల పట్టది సార్. మొత్తం తెరిచినంక ఒక పావు చుట్టు వెనక్కి పెట్టాలె" అన్నాడు. నీ తరఫున వాదించిన వకీలు అతనొక్కడే.

అతను పైపులు అతికిస్తుంటే నాయన పిట్టగోడ దగ్గర నిలబడి వీధి మోరీ వైపు చూస్తున్నాడు. మా ఇంటి నీళ్లు ఇంకా అందులో పారుతున్నాయి. నవ్వితే నాయన ముందరి పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి, చిన్నప్పుడు తాగిన బావి నీళ్లలోని ఫ్లోరైడ్ గుర్తు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ఈ ఊరి పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. పటికా సున్నం కలిపి తేర్చడం. ఏ ఊరి పేరైనా మిఠాయికి పెడతారు, చీరకు పెడతారు, మాకు దీనికి పెట్టారు. 2015లో చౌటుప్పల్‌లో, ఇంటింటికీ మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ కట్టినప్పుడు నాయన బస్సెక్కి పోయి చూసొచ్చాడు. ఆ మనిషి మోరీ వైపు చూస్తూ ఒక్క మాటా అనకుండా నిలబడితే, నేను బియ్యం ఎండబెట్టే నెపంతో అక్కణ్నుంచి తప్పుకున్నాను.

సామాను 1,180 రూపాయలు, దానికి బిల్లు ఉంది. కూలి ఎంత అంటే, "మీ ఇష్టం సార్" అన్నాడు. తెలుగులో దీన్ని మించిన ఖరీదైన మాట లేదు. పని మొదలుపెట్టక ముందే అడగాలని తెలుసు, అడగలేదు. ఎనిమిది వందలు ఇచ్చాను. తీసుకోలేదు, వద్దనలేదు, నోట్లను చూశాడు. వెయ్యి చేశాను. నన్ను చూశాడు. పన్నెండు వందలకు తడిసిన పరుపును చూసి, "పాపం" అని జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నిన్ను తీసుకుపోతానన్నాడు, ఇత్తడి కదా. ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పలేను, నీతో నాకింకా లెక్క తేలలేదు మరి.

నీ చోట్లో ఇప్పుడు బాల్ వాల్వ్ ఉంది. చక్రం లేదు, చిన్న పిడి. పావు చుట్టు తిప్పితే మూత పడుతుంది. పేరుకు నీ తమ్ముడే కానీ నీలా పెద్దరికం లేదు. నాయన దాన్ని ఒకసారి మూసి, తెరిచి, మళ్లీ మూసి చూసి, "దీన్ని గూడ పన్నెండేండ్లు మర్చిపో" అన్నాడు.

ఇట్లు,
కింది ఇంటి యజమాని

తా.క.: ప్రతి అమావాస్యకు బండికి నిమ్మకాయలు కట్టేటప్పుడు పైకి పోయి కొత్త వాల్వ్‌ను ఒకసారి తిప్పి రావాలని అందరి ముందూ ఒట్టేసుకున్నాను. ఇప్పటికి రెండు అమావాస్యలు పోయాయి. నిమ్మకాయలు రెండుసార్లూ కట్టాను.