అద్దంలో మచ్చకు ముఖం రుద్దుకుంటే ఎలా?

సినిమా రంగులు సరిచేసే గ్రేడింగ్ గదిలో కాటుకలా ఉన్న రాత్రి, నిర్మాత లాప్‌టాప్‌లో తెరిచేసరికి బూడిదరంగుకు తిరుగుతుంది. 'రంగు వెలిసిపోయిందేమిటి?' అని ఫోను. ఆ తర్వాతి తంతు ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కాంట్రాస్ట్ కాస్త పెంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తారు, నిర్మాత శాంతిస్తారు. అదే ఫైలును టీవీలో వేస్తే ముఖాలు మాడిపోతాయి. సినిమా పాడైంది మొదటి ఎక్స్‌పోర్ట్‌లో కాదు, రెండోదాంట్లో.

వెలిసిపోవడం అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు జబ్బులను కలిపేస్తున్నాం. లెవెల్స్, అంటే నలుపు తెలుపులకు కేటాయించిన అంకెలు, తప్పితే నలుపు, తెలుపు రెండు కొసలూ జరుగుతాయి. గామా, అంటే సిగ్నల్‌ను వెలుతురుగా మార్చే వక్రరేఖ, తప్పితే కొసలు ఉన్నచోటే ఉండి నడుమ భాగం మాత్రమే తేలిపోతుంది. సిగ్నల్‌ను గీతలుగా చూపే స్కోప్ ముందు కూర్చుంటే నిమిషంలో తేలే విషయమిది. కూర్చోవడానికి ఓపిక లేకే ఫైలును దిద్దుతున్నాం.

8 బిట్ల వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉండటం డిజిటల్ వీడియోకు ప్రమాణంగా వచ్చిన 1982 నాటి సీసీఐఆర్ 601 సిఫారసు నుంచి వస్తున్న ఆనవాయితీ. కంప్యూటర్ బొమ్మలకు 0 నుంచి 255. 0-255ను 16-235లోకి కుదించడం, తిరిగి సాగదీయడం: ఈ రాకపోకల్లోనే ప్రమాదమంతా. 2004లో వచ్చిన అవిడ్ వారి డీఎన్ఎక్స్‌హెచ్‌డీ కోడెక్‌ను (వీడియోను చిన్నది చేసి దాచే పద్ధతి) క్విక్‌టైమ్ ఫైలుగా రాసేటప్పుడు 709 లెవెల్సా (16-235), ఆర్‌జీబీ లెవెల్సా (0-255) అని అడిగేది. అక్కడ ఒకటి నొక్కి, ప్రోరెస్ అనే ఇంకో కోడెక్‌కు మార్చేచోట ఇంకొకటి అనుకుంటే లెక్క రెండుసార్లు జరుగుతుంది. రెండుసార్లు కుదిస్తే నలుపు 30కి లేస్తుంది, తెలుపు 218కి దిగుతుంది. చూడటానికి రోతగా ఉన్నా చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండుసార్లు సాగదీస్తేనే అసలు నష్టం: 30కి దిగువనున్న నీడలన్నీ ఒకే నలుపులో మునుగుతాయి, 218 దాటిన వెలుగులన్నీ ఒకే తెలుపవుతాయి. జుట్టులో పాయలు, తెల్లపంచె మడతలు పోతాయి. అలా రాసిన ఫైలులోంచి వాటిని ఏ కలరిస్టూ బయటికి తీయలేడు. విచిత్రమేమిటంటే, కుదించినదాని మీద ఫిర్యాదు వస్తుంది. సాగదీసినదాన్ని 'పంచ్ బాగుంది' అని మెచ్చుకుంటారు.

గామా కథ వేరు. 1990లో వచ్చిన హెచ్‌డీ వీడియో ప్రమాణం రెక్. 709 కెమెరా వక్రరేఖను చెప్పింది కానీ తెర వక్రరేఖను చెప్పలేదు. ఆ లోటును బీటీ. 1886 అనే మరో ప్రమాణం పూరించింది 2011లో. స్టూడియో మానిటర్ 2.4 గామాతో చూపిస్తుంటే, మ్యాక్‌లో క్విక్‌టైమ్ ప్లేయర్ 1-1-1 అని (ఇది రెక్. 709 అని చెప్పే) ట్యాగ్ ఉన్న ఫైలును దాదాపు 1.96తో చదువుతుంది. సగం సిగ్నల్‌కు మొదటి లెక్కన 19 శాతం వెలుతురు, రెండో లెక్కన 26 శాతం. ఫైలులో ఒక్క అంకె కూడా మారలేదు. మారింది చదివే తీరు. దానికి విరుగుడంటూ అడోబీయే ఒక లట్ (రంగులను మార్చే పట్టిక) ఇచ్చింది. దాన్ని ఫైలులోనే కలిపేస్తే మ్యాక్‌లో కుదురుతుంది, మిగిలిన తెరల మీద చీకటి కమ్ముతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ప్రేక్షకుడు చూసేది ఫోనులో, లాప్‌టాప్‌లో కదా, వాటికి తగ్గట్టు చేస్తే తప్పేమిటి అంటారు. పూర్తిగా కొట్టిపారేయను. వెబ్‌కు విడిగా ఒక కాపీ కావాలంటే చేసుకోండి, దాని పేరు మీద ఆ మాట రాయండి. మాస్టర్ (అసలు ఫైలు) జోలికి మాత్రం వెళ్లవద్దు. ఆపరేటింగ్ సిస్టమ్ తన లెక్కను రేపు మార్చుకోవచ్చు. 2009లో మ్యాక్ తన గామాను 1.8 నుంచి 2.2కు మార్చుకున్నదే కదా. అప్పుడు మన దిద్దుబాటే తప్పవుతుంది.

నన్ను అసలు కలతపెట్టేది ఇంకొకటి. మనది నోటిమాట మీద నడిచే పరిశ్రమ. 'చెప్పాను కదండీ, ఫుల్ రేంజే (0-255)' అంటే పని జరిగిపోతుంది. ఫైలు మొదట్లో కలర్ బార్స్ (విలువలు ముందే తెలిసిన రంగు పట్టీలు) పెట్టడం పాతకాలపు చాదస్తమైపోయింది. బార్స్‌కు పట్టేది కొన్ని సెకన్లు. లెవెల్స్, గామా, కోడెక్, ఏ తెర మీద చూసి ఒప్పుకున్నారు అన్నవి రాసి జతచేయడానికి నాలుగు పంక్తులు చాలు. నెగటివ్‌లు చెదలు పట్టి, చెమ్మకు అంటుకుపోయి ఎన్ని పాత సినిమాలు పోయాయో అని నిట్టూరుస్తుంటాం. ఇప్పుడు హార్డ్ డిస్కులు పదిలంగానే ఉన్నాయి, వాటిని చదివే పద్ధతి పోతోంది.

ఈ మధ్య ఒక పాత డ్రైవ్ నా దగ్గరికి వచ్చింది. అందులో ఒకే సినిమా రెండు ఫైళ్లుగా ఉంది: 'ఫైనల్', 'ఫైనల్ కరెక్షన్'. ఒకటి వెలిసినట్టుంది, ఇంకొకటి చీకటిగా ఉంది. బార్స్ లేవు, కాగితం లేదు. సినిమాలో సగం రాత్రి దృశ్యాలే, వాటిలో ఎక్కువ భాగం మంచు, పొగ. నలుపు ఎక్కడ ఉండాలో స్కోప్ కూడా చెప్పలేకపోయింది. గ్రేడింగ్ చేసినాయన వృత్తి మానేసి ఊరికి వెళ్లిపోయారు, ఆయనకు గుర్తు లేదు. చివరికి చీకటిగా ఉన్నదాన్ని ఎంచుకుని పంపించాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.